చింతపండుతో తోమిన అమెరికా రాగి బిళ్ళ

రాగిని తోమకూడదని నా జీవితంలో మొదటిసారి చెప్పిన మనిషి ఒక అమెరికా ఇంజనీరు. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. హన్మకొండలో, రాగి చెంబులూ ఇత్తడి బిందెలూ తోమి తోమి ఆడవాళ్ళ వేళ్ళు పగిలిన ఇంట్లో పెరిగినదాన్ని. చరిత్రలో ఎం.ఏ. చేసినదాన్ని. దోహాలో, వెస్ట్ బేలో ఒక గాజు మేడ పంతొమ్మిదో అంతస్తులో నిలబడి ఆ మాట విన్నాను. "అది మురికి కాదు, దాని చర్మం" అన్నాడాయన, నల్లటి రాగి బిళ్ళను అంచుల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని. ఆ రోజు నాకు నవ్వొచ్చింది. ఇది రాస్తుంటే మాత్రం పళ్ళు బిగుసుకుంటున్నాయి.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకి ఇంకా ఏళ్ళున్నాయి. అయినా ఊరంతా అదే ధ్యాస. ఎటు చూసినా క్రేన్లు, తవ్వి వదిలిన రోడ్లు, రోజుకో కొత్త దారి మళ్ళింపు. మా కంపెనీ ఒక స్టేడియానికి సలహాలిచ్చే కంపెనీ. సలహా అంటే ఏమిటని అడక్కండి, ఆరేళ్ళు పనిచేసి కూడా నాకు పూర్తిగా అర్థం కాలేదు. కాగితాలు వచ్చేవి, కాగితాలు పోయేవి. వాటికి నంబర్లు వేసి, ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో రాసి పెట్టుకోవడం నా పని. నేను మా ఆయన వీసా మీద ఉన్నాను. ఈ ఉద్యోగం పోతే మదీనత్ ఖలీఫాలో మా ఇంట్లో కూర్చుని టీవీ చూస్తాను, అంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని అవసరం పడుతుంది.

ఆ అమెరికా ఆయన మా ఆఫీసుకి పెద్ద. ఆయన గదిలో ఒక చెక్క పెట్టె ఉండేది. పలచటి సొరుగులు, ప్రతి సొరుగులో మెత్తటి గుడ్డ పరిచిన గుండ్రటి గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో నాణెం. అన్నీ అమెరికా పుట్టిన కొత్తలో కొట్టినవి. వాళ్ళ తాతగారి నుంచి కొన్ని వచ్చాయట, మిగతావి తాను కూడబెట్టుకున్నాడు. దేశం కాని దేశానికి ఉద్యోగానికి వచ్చేటప్పుడు మనం పచ్చడి జాడీ తెచ్చుకుంటాం, ఆయన పెట్టె తెచ్చుకున్నాడు. నేను చరిత్ర చదివానని తెలిశాక ఒక పని అప్పగించాడు. ఒక్కో నాణేనికి చీటీ టైపు చేయాలి, జాబితా రాయాలి, తాళం చెవి నా సొరుగులో ఉండాలి. జీతంలో లేని పని. కానీ ఇష్టంగానే చేశాను. అబద్ధం ఎందుకు, చాలా ఇష్టంగా చేశాను.

ఎందుకంటే కాలేజీలో మాకు ఎవరూ ఇలా చెప్పలేదు. స్వాతంత్ర్యం వచ్చినా వాళ్ళకి సొంత నాణెం లేదు. స్పెయిన్ వాళ్ళ వెండి డాలర్లనే వాడుకునేవాళ్ళు, చిల్లర కావాలంటే ఆ వెండి బిళ్ళనే ఎనిమిది ముక్కలు నరికేవాళ్ళు. చివరికి ఫిలడెల్ఫియాలో టంకసాల పెట్టారు. రాగి రేకులు సాగదీసే యంత్రాన్ని గుర్రాలు తిప్పేవి. ఊళ్ళో విషజ్వరం వస్తే టంకసాల మూసేసి అందరూ పారిపోయేవాళ్ళు. రాగి దొరక్క, పాత వంట పాత్రలు కొని కరిగించారట. ఆ ముక్క విన్నప్పుడు నేను, "అయితే ఇది ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో కాగు" అన్నాను. ఆయనకి ఆ మాట నచ్చింది. చీటీ మీద రాయమన్నాడు కూడా.

వాళ్ళ మొట్టమొదటి సెంటు మీద ఒకవైపు స్వేచ్ఛ అనే ఆడమనిషి ముఖం, రెండోవైపు గొలుసు. రాష్ట్రాలన్నీ కలిసి ఉన్నాయని గుర్తుగా పదిహేను లంకెలు. జనం మండిపడ్డారు. స్వేచ్ఛ బొమ్మ వెనక గొలుసేమిటి, అపశకునం కాదా, పైగా ఆ ఆడమనిషి బెదిరిపోయినట్టుంది అని ఆనాటి పత్రికలవాళ్ళు వెక్కిరించారట. కొన్ని నెలల్లోనే గొలుసు తీసేసి ఆకుల దండ పెట్టారు. ఆ గొలుసు సెంటు ఈయన దగ్గర లేదు, కొనే తాహతు లేదన్నాడు. ఆయన దగ్గరున్నది ఆ తర్వాతి ఏడాదిది, 1794 నాటిది. అదే ఆయన ప్రాణం. పాత రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది, మందంగా, బెల్లం పాకం మాడినట్టు నల్లటి గోధుమరంగు. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, ఆమె భుజం వెనక ఒక కర్ర, ఆ కర్ర కొసన మెత్తటి టోపీ.

"ఆ టోపీ ఏమిటి?" అని అడిగాను.

పూర్వం రోములో బానిసని విడుదల చేస్తే నెత్తిన అలాంటి టోపీ పెట్టేవాళ్ళట. స్వేచ్ఛకి గుర్తు.

"ఈ టోపీ చెక్కిన ఏడాది మీ దేశంలో బానిసలు లేరా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. చరిత్ర అంత సరళంగా ఉండదన్నాడు. నేను ఊరుకోలేదు. సరళంగా ఉండకపోవడమంటే ఏమిటో చెప్పమన్నాను, చేతిలో కొరడా పట్టుకున్నవాడికి సరళం కాదా, దెబ్బలు తినేవాడికి సరళం కాదా అన్నాను. ఆయన కిటికీలోంచి క్రేన్లకేసి, వాటి కింద కూలీలకేసి చూసి, "దానికీ దీనికీ పోలిక పెట్టకూడదు" అన్నాడు. నేను ఏ పోలికా పెట్టలేదు. కిటికీలోంచి చూసింది ఆయన.

ఇలా వాదించుకునేవాళ్ళం. నాతో వాదించడం ఆయనకి సరదా. మధ్యాహ్నం భోజనాల వేళ ఆ పెట్టె తెరిచి నన్ను పిలిచేవాడు. నేను గట్టిగా మాట్లాడితే నవ్వేవాడు. ఆ నవ్వు నాకు దొరికిన సదుపాయమనీ అది అందరికీ దొరకదనీ అప్పట్లో నాకు తట్టలేదు. చదువుకున్నదాన్ని కదా, నా వాదనలో పస ఉంది కాబట్టి వింటున్నాడనుకున్నాను.

ఇక మా ఆఫీస్ బాయ్ సంగతి. నలభై ఆరేళ్ళ మనిషిని బాయ్ అని పిలిచే లోకం ఇది. నేను అన్నా అనేదాన్ని. జగిత్యాల దగ్గర పల్లె. తొమ్మిదేళ్ళుగా గల్ఫులో ఉన్నాడు, వాళ్ళ ఊరివాళ్ళ లెక్కలో తొమ్మిదేళ్ళుగా దుబాయ్‌లో ఉన్నాడు. ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళ అమ్మకి ఖతార్ అనే మాట నోట పట్టలేదట. మొదట సైటులో కట్టుబడి పని చేసి, నడుం పట్టేశాక మా ఆఫీసుకి మారాడు. టీ పెట్టడం, బల్లలు తుడవడం. నలుగురిలో నన్ను మేడం అంటాడు, టీ గదిలో ఇద్దరమే ఉంటే అక్కా అంటాడు. నాకన్నా పెద్దవాడివి, అక్కా ఏమిటన్నా అంటే, "మా దిక్కు గట్లనే. మీరు సదువుల పెద్ద, నేను ఒంట్ల పెద్ద, సరికి సరి" అన్నాడు.

ఒకరోజు నేను చీటీలు సరిచూస్తుంటే టీ తెచ్చి ఆ సెంటుని చూశాడు.

"ఎవరక్కా ఈమె?"

"స్వేచ్ఛ. వాళ్ళకు దేవత లెక్క. లిబర్టీ అంటరు."

"గుడి ఉంటదా?"

"గుడి లేదు. సముద్రం ఒడ్డున గింత పెద్ద బొమ్మ ఉంటది."

"బోనం ఎత్తుతరా మరి?"

"బోనం లేదు, ఏం లేదు. పటాకులు కాలుస్తరు ఏడాదికోసారి."

ఆయన వంగి, దగ్గరగా చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, ముట్టుకోకూడదని తెలుసు. "మొఖమంత మసి. గిట్ల పెట్టుకుంటరా దేవతను? మా పోచమ్మ మొఖం గిట్ల నల్లబడితే ఊరోళ్ళు మా ఇంటి మీదికొస్తరు."

అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో పోచమ్మకి రాగి ముఖం ఉంది. ఏడాదంతా ఒకరింట్లో బట్టలో చుట్టి ఉంటుంది. బోనాల ముందు దాన్ని కడగాలి. నాలుగిళ్ళవాళ్ళు వంతులవారీగా కడుగుతారు. తలస్నానం చేసి, పొద్దున ఏమీ తినకుండా, చింతపండు, ఉప్పు, తర్వాత మెత్తటి ఇటుక పొడి. అమ్మవారి కళ్ళు మెరిసేదాకా తోమాలి. వాళ్ళ ఇంటి వంతు వచ్చిన రెండుసార్లూ ఆయన ఇక్కడే ఉన్నాడు. సెలవు దొరకలేదు. తమ్ముడు కడిగాడు. "వాడు సుతిమెత్తగ రుద్దుతడక్కా, చెవులకాడ నలుపు అట్లనే ఉన్నదంట. ఫోన్ల మా అమ్మ ఒక్కటే తిట్టుడు."

నేను నవ్వుతూ ఒక మాటన్నాను. ఆ మాట అనకుండా ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు.

"ఏం చేస్తమన్నా, వీళ్ళల్ల కడిగే వంతు ఎవరిదో ఇంకా తేలలేదు."

ఆయన నవ్వలేదు. తలూపి కప్పు తీసుకుని వెళ్ళాడు. కడిగితే విలువ పోతుందని, అలా ఉండటమే వాళ్ళకి గొప్ప అని నేను చెప్పలేదు. నాకు తెలుసు. చీటీ మీద నా చేత్తో టైపు చేసి పెట్టాను, ఎన్నడూ తోమనిదని. ఇంగ్లీషులో.

తర్వాతి ఆదివారం అమెరికా నుంచి కంపెనీ పెద్దలు వస్తున్నారు. వాళ్ళకి చూపించడానికి పెట్టెని సమావేశం గదిలో పెట్టమన్నాడు సారు. గురువారం మధ్యాహ్నం, శుక్ర శనివారాల సెలవుకి వెళ్ళిపోతూ నేను తాళం చెవి టీ గదిలో అన్నకి ఇచ్చాను. "అన్నా, శనివారం నువ్వు ఆఫీసు కడుగుతవు గదా, ఆ పెట్టె చెక్క గూడ తుడువు, సొరుగుల అంచులల్ల దుమ్ముంది" అన్నాను. చెక్క అన్నాను. అన్నానా? అన్నాననే నా నమ్మకం. ఎన్నోసార్లు ఆ గురువారాన్ని తిరగేసి చూసుకున్నాను.

ఆదివారం పొద్దున పెద్దలు రాకముందే సారు సొరుగు లాగాడు. నేను పక్కనే ఉన్నాను. మిగతావన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఆ ఒక్కటి మాత్రం, కాలిన చోట కొత్త చర్మం వస్తుందే, ఆ గులాబీ రంగులో మెరుస్తోంది. జుట్టు పాయలు కనబడుతున్నాయి. కన్ను కనబడుతోంది. ఇన్నాళ్ళూ నాకు కనబడని పెదవి కనబడింది. నిజం చెప్పాలంటే అందంగా ఉంది. ఆ మాట మనసులో అనుకున్నాను.

సారు దాన్ని అంచుల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తాడు. ముఖంలో రక్తం లేదు. తర్వాత చాలా మెల్లగా, "ఎవరు?" అన్నాడు.

అన్న ట్రే పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. అడక్కముందే ముందుకొచ్చాడు. బడిలో పలక చూపించే పిల్లవాడి ముఖంలా ఉంది ఆయన ముఖం.

"సార్, ఐ క్లీన్. నో ఈటింగ్, బాత్, దెన్ క్లీన్. గుడ్, సార్?"

ఆ తర్వాత ఆ గదిలో వినబడిన మాటలు రాయను. అంత చదువుకున్న మనిషి నోటి నుంచి అలాంటివి వస్తాయని అనుకోలేదు. అన్నకి మాటలు అర్థం కాలేదు, గొంతు అర్థమైంది. ట్రే అలాగే పట్టుకుని నిలబడ్డాడు. టీ చల్లారిపోయింది. నేను? వాదించడం తప్ప ఇంకేమీ చేతకాని నేను, నోరు తెరవలేదు. ఆ ఐదు నిమిషాలకి నా మీద నాకున్న కోపం ఇంకా దిగలేదు.

మధ్యాహ్నానికి మందూబ్ వచ్చాడు. మందూబ్ అంటే కంపెనీ తరఫున వీసాలు, ఐడీలు, సర్కారు ఆఫీసుల పనులు చూసే మనిషి. మావాడు హైదరాబాదువాడు, పాతబస్తీ. నాతో తెలుగూ ఉర్దూ కలిపి కొట్టేవాడు. ఫైలు చంకలో పెట్టుకుని నా బల్ల దగ్గర ఆగాడు.

"మేడం, మీ అన్నకు టికెట్ రాయమన్నరు. ఖలాస్."

"ఏం తప్పు చేసిండని?"

"సామాన్ ఖరాబ్ చేసిండు. వో భీ బడే సాబ్ కా. చోరీ అని రాయకుండ డ్యామేజ్ అని రాస్తున్న, గదే నేను చేసే మెహర్బానీ."

"రెండేళ్ళు మళ్ళా రానియ్యరు గదా, భాయ్?"

"రానియ్యరు." గొంతు తగ్గించాడు. "రెండేళ్ళయినంక ఎవడు తీస్కుంటడు మేడం ఈ ఉమర్‌ల? నడుము పోయిన మనిషి. మీరు జర చుప్ ఉండుండ్రి. మీ నోటికి నేను దండం పెడ్త, ఈ ఒక్కసారి చుప్."

అన్న టీ గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను. "బాగ కాలేదాక్కా? చెవులకాడ గూడ పోయింది నలుపు, చూసిన్రా?" అన్నాడు. ఆ తర్వాత, "నన్ను పంపిస్తే మా అమ్మకు ఏం చెప్పాలె? దేవత మొఖం కడిగితే వెళ్ళగొట్టిన్రని చెప్తే నమ్ముతదా?" అన్నాడు.

మా ఆయన వీసా మీద ఉన్నదాన్ని, నన్నెవరూ విమానం ఎక్కించలేరు. నేను సారు గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. "తోమమని నేనే చెప్పాను" అన్నాను.

ఒక్కసారిగా ఆయన భుజాలు దిగాయి. నాణేన్ని గుడ్డ మీద పెట్టాడు. తర్వాత అన్నాడు కదా, నీకు తెలియదు పాపం అని. మీ దగ్గర రాగిని తోమడం ఆచారమని విన్నానన్నాడు. తాను సరిగ్గా చెప్పి ఉండవలసిందన్నాడు. బాధపడకు, ఇలాంటివి జరుగుతుంటాయన్నాడు. నన్ను ఓదార్చాడు! ఒక కథ కూడా చెప్పాడు. చిన్నప్పుడు తాతగారి నాణేన్ని ఒకదాన్ని పెన్సిలు రబ్బరుతో రుద్ది తెల్లగా చేశాడట. తాతగారు కోప్పడకుండా, పకపకా నవ్వి, ఆ నాణేన్ని వీడికే ఇచ్చేశాడట. అలా మొదలైందట ఈ పిచ్చి.

"అయితే అతన్ని పంపించరు కదా?" అన్నాను.

పంపించనన్నాడు. పొరపాటు నీదైనప్పుడు అతన్నెందుకు పంపిస్తానన్నాడు. రేపటి నుంచి మామూలే అన్నాడు.

అక్కడితో లేచి వచ్చేయాలి. బుద్ధున్నవాళ్ళెవరైనా లేచి వచ్చేస్తారు. మందూబ్ దండం పెట్టి మరీ చెప్పాడు. కానీ నాకు కడుపు మండిపోయింది. పొద్దున ఇదే పనికి ఒక మనిషిని ఇంటికి తరిమేయబోయిన నోటితోనే ఇప్పుడు నాకు తాత ముచ్చట్లు చెబుతున్నాడు. పని ఒకటే. చింతపండు ఒకటే. మారింది మనిషి.

"మీరు రుద్దితే మీ తాత నవ్వాడు. నేను రుద్దించానంటే మీరు ఓదార్చారు. ఆయన రుద్దితే మాత్రం విమానం టికెట్టా? ఇదేనా సార్, ఆ టోపీ కింద ఉన్న స్వేచ్ఛ?" అన్నాను.

ఆయన ముఖం మూసుకుపోయింది. అన్నాళ్ళూ నా వాదనలకి నవ్విన మనిషి ఆ రోజు నవ్వలేదు. సరే, ఉద్యోగం ఉంటుంది కానీ ఈ ఆఫీసులో వద్దు, సైటుకి పంపుతానన్నాడు. ఇక నువ్వు వెళ్ళొచ్చన్నాడు.

ఇదీ నేను చేసిన ఘనకార్యం. ఒక మాటతో అన్నని పెట్టె దగ్గరికి పంపాను, ఇంకో మాటతో ఎండలోకి పంపాను. నడుము పట్టేసి ఆఫీసుకి వచ్చిన మనిషిని. రెండో మాట న్యాయమైనదే. నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది. దాని బరువు మోసింది మాత్రం నేను కాదు.

అన్నకి చెబితే సంతోషించాడా? లేదు. కోపగించుకున్నాడు. నాలుగున్నరేళ్ళలో నా మీద కోపగించుకోవడం అదొక్కసారే.

"మీరు కడగమన్నరని చెప్పిన్రా?"

"చెప్పకపోతే నిన్ను పంపిస్తుండెనన్నా."

"పంపిస్తే పంపిస్తుండె. నా అంతట నేను కడిగిన. ఒక్కపొద్దున్న. లేబర్ క్యాంప్‌ల చింతపండు దొరకక బంగ్లా వాండ్ల మెస్సుల అడుక్కొచ్చిన. మీరు చెప్తే చేసిన పని లెక్క చేసిన్రు దాన్ని." ట్రే తుడిచి బోర్లించాడు. "మీరు మంచికే చెప్పిన్రు. నాకు ఎరుకే. ఐనగని గట్ల చెప్పొద్దు మేడం."

ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. అయినా మేడం అన్నాడు.

మూడు నెలల తర్వాత కాగితాల పని మీద స్టేడియానికి వెళ్ళాను. గేటు దగ్గర నాకు తెల్ల హెల్మెట్ ఇచ్చారు, చూడటానికి వచ్చేవాళ్ళ రంగు అది. లోపల కుర్చీలు బిగిస్తున్నారు. వరసలు వరసలు, కంటికి ఆనేంత మేర కుర్చీలే. ఇంకా పైకప్పు పూర్తికాలేదు. పైన జరుగుతున్న కోత పనుల దుమ్మంతా కుర్చీల మీద పడుతోంది. అన్న నీలం హెల్మెట్‌తో, చేతిలో తడిగుడ్డతో ఒక వరసలో ఉన్నాడు. వీపు సరిగ్గా నిలవడం లేదు, ఒక చేత్తో ముందు కుర్చీ పట్టుకుని రెండో చేత్తో తుడుస్తున్నాడు.

"యల్లా మేడం, కూసోండ్రి, కుర్సీ సాఫ్ చేసిన" అన్నాడు దూరం నుంచే. అది ఎత్తిపొడుపో పలకరింపో తెలియలేదు.

"ఎట్లున్నవన్నా?"

"గిట్ల. పొద్దుగాల తుడిస్తె పగటికి మల్ల దుమ్మే. ఆట సూసేటోడు వచ్చేదాక తుడుసుడే." నా తలకేసి చూశాడు. "తెల్ల టోపీ మంచిగున్నదక్కా మీకు."

అక్కా అన్నాడు. ఆ ఒక్క మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎండ అని చెప్పుకున్నాను.

అప్పుడే భోజనాల వేళ అయింది. ఒక మూల ఇంకా కాంక్రీటు పోయని చోట ఇనుప చువ్వలు నిలబడి ఉన్నాయి. కట్టుబడివాళ్ళు హెల్మెట్లు తీసి ఒక్కో చువ్వ కొసన ఒక్కోటి తగిలించి నీడకి వెళ్ళిపోయారు. కర్ర కొసన టోపీ. వరసగా ముప్పయ్యో నలభయ్యో. కిందికి దిగుతుంటే అవి నా వెనకే ఉన్నట్టనిపించింది. ఆ సారుని చెవి పట్టుకుని అక్కడికి లాక్కొచ్చి చూపించాలనిపించింది. లాక్కొచ్చినా, పోలిక పెట్టకూడదంటాడు.

సారు కాంట్రాక్టు అయిపోయి వెళ్ళేటప్పుడు నా బల్ల మీద ఒక చిన్న కవరు పెట్టాడు. లోపల ఆ సెంటు. ఇక దీనికి విలువ లేదు, ఏ నాణేల ప్రదర్శనలోనూ ఎవరూ చూడరు, నీ దగ్గర ఉంచుకో అన్నాడు. మర్యాదగానే ఇచ్చాడు. నేనూ మర్యాదగానే తీసుకున్నాను. ఆయన చెడ్డమనిషి అని తేలిగ్గా రాసి పారేయగలిగితే నాకు హాయిగా ఉండేది. ఒక గుండ్రటి రాగి ముక్క చర్మం కోసం నిజంగా కన్నీళ్ళు పెట్టుకోగల మనిషి ఆయన. ఒక మనిషి చర్మం ఎండకి ఏమవుతుందో మాత్రం ఆయన దృష్టికి రాలేదు. అది పెట్టెలో పట్టదు కాబట్టి కాబోలు.

ఆ మే నెలలో అన్నకి సెలవు దొరికింది. వెళ్ళే ముందు శుక్రవారం మా ఇంటికి రమ్మన్నాను. మా ఆయన భోజనం పెట్టాడు, నేను కవరు తెచ్చి చేతిలో పెట్టాను. "ఇది నీదన్నా. నువ్వే కడిగినవు."

విప్పి చూశాడు. అప్పటికి మళ్ళీ కమిలింది, మచ్చలు మచ్చలుగా, తేయాకు రంగుకి తిరిగింది. అటూ ఇటూ తిప్పి నాకే తిరిగి ఇచ్చేశాడు.

"ఏర్‌పోర్టుల బ్యాగు ఇప్పుతరు. గిదేంది, ఏడ దొరికింది అంటరు. ఏం చెప్పాలె? అమెరికా సారుది, నేను కడిగిన అని చెప్పాల్నా?"

"నేను కాగితం రాసిస్త. నేనే ఇచ్చిననని."

"మల్లొక కాయిదమా?" అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు, పగలబడి. మా ఆయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా సంచిలో దొరికితే జ్ఞాపికట, ఆయన సంచిలో దొరికితే దొంగసొత్తట. అదే బిళ్ళ. మళ్ళీ అదే లెక్క. నేను గొంతు పెంచి ఏదో మొదలుపెట్టబోయాను.

"అక్కా, లొల్లి తర్వాత. చింతపండు ఉన్నదా?"

ఉంది. ఊరి నుంచి తెచ్చిన కొత్త చింతపండు. ఇచ్చాను. అన్నం తిన్నాడు కాబట్టి తాను ముట్టకూడదట, మీరు తిన్నారా అని అడిగాడు. వంట హడావుడిలో నేనింకా తినలేదు. "తానం చేసిన్రా?" చేశాను. "ఐతే మీరే. సూపిస్త, రుద్దుండ్రి." మా వంటింటి గట్టు దగ్గర నిలబడి ఎలా పట్టుకోవాలో, ముందు కళ్ళు, తర్వాత చెంపలు, చివరికి చెవులని చెప్పాడు. ముక్కు మీద గట్టిగా రుద్దకూడదట, అరిగిపోతే ఊరికి అరిష్టమట. ఎన్నడూ తోమనిదని చీటీ టైపు చేసిన వేళ్ళతో, చింతపండూ ఉప్పూ పెట్టి, తోమాను. నీళ్ళు పోస్తే పచ్చగా కారింది.

"ఇగ వంతు మీది" అన్నాడు చెయ్యి తుడుచుకుంటూ. "ఏడాదికొక్కసారి. బోనాల ముందట. మర్వకుండ్రి."

ఆయన తిరిగి వచ్చి ఇంకో మూడేళ్ళు కుర్చీలు తుడిచాడు. పోటీలు మొదలయ్యే ముందే పని అయిపోయిందని వాళ్ళందరినీ ఇంటికి పంపేశారు. ఆట చూసేవాళ్ళు ఆ శుభ్రమైన కుర్చీల్లో కూర్చుని కేకలు పెట్టడం ఆయన జగిత్యాలలో టీవీలో చూశాడు. నేను మదీనత్ ఖలీఫాలో టీవీ పెట్టలేదు.

ఆషాఢం రాగానే ఫోను చేస్తాడు. బాగోగులు తర్వాత, ముందు అదే ప్రశ్న. "కడిగిన్రా అక్కా?"

కడుగుతాను. నమ్మకం ఉండి కాదు. అన్నిటికీ వాదించే నాకు ఆ ఒక్క ప్రశ్నకి వాదన దొరకదు. ఒక్కపొద్దుండి, తలస్నానం చేసి, కోపం కోపంగా తోముతాను. ఆ సారు చూస్తే గుండె పట్టుకుంటాడు. ఏడాదేడాదికి అరుగుతోంది. ఏడాది అంకె ఎప్పుడో పోయింది. కర్ర పోయింది. ఈసారి చూస్తే టోపీ కూడా ఆనవాలు పట్టలేకుండా ఉంది. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"కడిగిన" అన్నాను మొన్న.

"చెవులకాడ?"

మళ్ళీ వెళ్ళి చెవుల దగ్గర రుద్దాను.